వంటింటి చెత్త – వానపాముల జఠరాగ్ని

ఇంటివైద్యము నేర్చుకొను పాఠకులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న ఒకటి ఉన్నది. "అయ్యా, కుండీలలో పెంచిన తులసి, అడ్డసరము, నేలవేము నాలుగు నెలలు తిరిగేసరికి పాలిపోతున్నవి. మందుగా వాడుకొను మొక్కకు రసాయనపు ఎరువు వేయుటకు మనసు ఒప్పుట లేదు. పట్టణములో పశువుల పేడ దొరకదు. ఏమి చేయవలెను?" అని.

దీనికి సమాధానము ప్రతి వంటింటిలోను ప్రతిదినము పుడుతున్నది. కూరగాయల చెక్కులు, అరటి తొక్కలు, కాడలు, టీ పిప్పి మొదలైనవాటిని మనము సంచిలో కట్టి వీధిలోకి పంపుతున్నాము. 2016లో కేంద్రము ప్రకటించిన ఘనవ్యర్థ నియమములు తడిచెత్తను, పొడిచెత్తను ఇంటివద్దనే వేరుచేయవలెనని చెప్పినవి. ఆ తడిచెత్తను ఇల్లు దాటనీయక, రెండడుగుల పెట్టెలో వానపాములకు అప్పగించినచో మూడు మాసములలో నల్లని, మట్టి వాసన గల ఎరువుగా మారుతుంది. ఆ పద్ధతిని ఈ వ్యాసములో వివరిస్తాను. అంతకు ముందు, వైద్యుడనై యుండి నేను చేసిన ఒక పొరపాటును కూడ దాచక చెప్పవలసి ఉన్నది. ఈ పనిలో క్రొత్తగా దిగినవారిలో చాలమంది చేయు పొరపాటు అదే.

గురువుగారి మట్టి పరీక్ష

1974లో, నా పదునాలుగవ యేట, గోదావరి నడుమ ఒక లంక గ్రామములో మా గురువుగారి ఇంట చేరాను. తెల్లవారుజామున లేచి నీళ్ళు మోయుట, కల్వములో మందు నూరుట, శ్లోకములు వల్లించుట మా దినచర్య. మూలికల సేకరణకు వెళ్ళినప్పుడు గురువుగారు ముందుగా మొక్కను చూచేవారు కాదు. వంగి నేలను చూచేవారు. వానకు తడిసిన నేలపై సన్నని గుళికల వలె మట్టి కుప్పలు కనిపించినచో తృప్తిగా తల ఊపేవారు. అవి వానపాములు విసర్జించిన మట్టి. "అబ్బాయీ, ముందు నేల నాడి చూడు. ఆకు ఎక్కడికీ పోదు" అనేవారు.

ఇది ఆయన సొంత చాదస్తము కాదు. ఏ నేలలో పుట్టిన ఓషధిని గ్రహించవలెనో, దేనిని విడువవలెనో మన శాస్త్రములు విచారించినవి. సుశ్రుత సంహిత సూత్రస్థానములో భూమిప్రవిభాగీయమను అధ్యాయమే ఉన్నది. గుంటలు, రాళ్ళు, పుట్టలు, శ్మశానములు గల చోటులను వర్జించి, మృదువుగా, తేమగా ఉన్న నేలను గ్రహించవలెనని అందులోని భావము. చెట్ల పోషణ కొరకు సురపాలుని వృక్షాయుర్వేదము వంటి గ్రంథములు ప్రత్యేకముగా వెలసినవి. 1996లో ఆ గ్రంథము సికిందరాబాదు నుండి ఆంగ్లానువాదముతో వెలువడినది.

వానపాము మన శాస్త్రములకు క్రొత్తది కాదు. గండూపదమని, భూనాగమని దానికి సంస్కృత నామములు. కఫజ క్రిములలో కొన్ని గండూపదము ఆకారములో ఉంటవని చరకుడు వర్ణించాడు. రసశాస్త్రములో భూనాగ సత్త్వమను ప్రస్తావన ఉన్నది. అయితే ఆ జీవి నేలలో చేయు పనిని ఏండ్ల తరబడి ఓపికతో గమనించి గ్రంథముగా వ్రాసినవాడు ఇంగ్లండు దేశీయుడైన చార్లెస్ డార్విన్. ఆయన ఆ పుస్తకము 1881లో వెలువడినది. వంటింటి చెత్తను ఇంటిలోనే పెట్టెలో పెట్టి వానపాములచేత తినిపించు విధానమునకు విశేష ప్రచారము తెచ్చినది అమెరికాకు చెందిన మేరీ ఆపెల్‌హాఫ్. ఆమె 1982లో దీనిపై చిన్న పుస్తకము ప్రచురించినది.

నా మొదటి తప్పు

పట్టణములో మేడమీది వాటాలో కాపురము పెట్టిన తరువాత నా మూలికలన్నియు కుండీలలోకి వచ్చినవి. కుండీలోని మట్టి ఏడాదికే గట్టిపడి సారము కోల్పోయినది. అడ్డసరము ఆకు అరచేయంత పెరుగవలసినది, రెండు వ్రేళ్ళ వెడల్పు దాటలేదు. అప్పుడు వానపాముల ఎరువు సంగతి విని, 2009 మే నెలలో ఒక కిలో వానపాములను తడిగోనెలో కట్టించి తెచ్చాను. మూత గల పెద్ద ప్లాస్టిక్ తొట్టెలో కొంచెము పేడ పరచి, వాటిని వదిలి, డాబా మీద ఉంచాను.

ఆ వారములోనే మా ఇంట శుభకార్యము జరిగినది. మామిడి తొక్కలు, పనస పెచ్చులు, మిగిలిన పులిహోర, కూరల అడుగులు అన్నియు ఆ తొట్టెలో కుమ్మరించాను. అది చాలదన్నట్లు, ఆనాడు కాచిన కషాయముల పిప్పిని కూడ గోరువెచ్చగా ఉండగనే బక్కెటు నిండుగా పోశాను. అందులో శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు ఉన్నవి. మూత బిగించి పైన ఇటుక పెట్టాను.

మరునాడు రోహిణి కార్తె ఎండ ఇంకను ముదరక మునుపే డాబా మీదికి వెళ్ళాను. పుల్లని కుళ్ళు వాసన మెట్ల వరకు వచ్చినది. మూత సందులనుండి బయటపడిన వానపాములు డాబా నేలపై ఎండి నారపోగుల వలె అంటుకొని ఉన్నవి. మూత తీసి లోపల చేయి పెట్టితే కాలినది. అడుగున ఉన్నవి ఉన్నచోటనే ముద్దయి పోయినవి. నోరులేని జీవులు, నా అజాగ్రత్త వలన ఒక్క రాత్రిలో చచ్చినవి. ఒక్కటైన కదులునేమోనని చాలసేపు వెదికాను. లేదు.

మా ఇంటావిడ వెనుకనుండి చూచి, "ఏమండీ, వచ్చిన రోగికల్లా లంఖణం చెప్పి పంపిస్తారే, వీటికి పెళ్ళిభోజనం పెట్టారేం?" అన్నది. నాకు మారుమాట రాలేదు. ఏండ్ల తరబడి నేను ఇతరులకు బోధించిన ఆహారమాత్ర, నా తొట్టె దగ్గర నాకు గుర్తు రాలేదు.

అష్టాంగహృదయము సూత్రస్థానములోని మాత్రాశితీయ అధ్యాయము ప్రకారము ఉదరమును నాలుగు భాగములుగ భావించి, రెండు భాగములు అన్నముతోను, ఒక భాగము ద్రవముతోను నింపి, నాలుగవ భాగమును వాయువు సంచారమునకు విడువవలెను. నా తొట్టెలో అన్నము నాలుగు భాగములు దాటినది. నీరు నిలిచినది. గాలికి చోటు లేదు. పచ్చి పదార్థము రాశిగా పడినప్పుడు అది పులిసి సహజముగానే వేడెక్కుతుంది. దానికి మే నెల ఎండ, కషాయపు వేడి, కటుద్రవ్యముల ఘాటు తోడైనవి. వానపాములకు ఊపిరితిత్తులు లేవు. అవి తడిగా ఉన్న చర్మముతోనే శ్వాసిస్తవి. ఆ ముద్దలో వాటికి ఊపిరి ఆడలేదు.

ఆ భాద్రపదములో పావు కిలో వానపాములతో మరల మొదలుపెట్టాను. క్రింద వ్రాయునది ఆనాటి నుండి అనుభవములో కుదిరిన పద్ధతి.

ఏ వానపాములు కావలెను?

వాన పడినప్పుడు పెరటిలో కనిపించు బూడిదరంగు వానపాములను పట్టి తెచ్చి పెట్టెలో వేయరాదు. వాటిలో ఎక్కువ భాగము మట్టిలో బొరియలు చేసికొని, మట్టిని తిని జీవించునవి. పెట్టెలో ఇమడవు. కుళ్ళుచున్న ఆకు, పేడల పై పొరలలో నివసించు జాతులే మనకు పనికివస్తవి. మన దేశములో వాడుకలో ఉన్నవి ముఖ్యముగా మూడు: ఎరుపు వర్ణము గల ఐసీనియా ఫెటిడా, పొడవుగా పెరుగు ఆఫ్రికా జాతి యూడ్రిలస్ యూజీనియే, మన ఆసియా ప్రాంతపుదే అయిన పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్. క్రొత్తవారికి మొదటిది సాధువైనది. చివరిది మన ఉక్కకు తట్టుకొనును గాని, వానరోజులలో పెట్టె విడిచి ప్రాకిపోవు స్వభావము గలది.

కృషి విజ్ఞాన కేంద్రములలోను, వానపాముల ఎరువు తయారుచేయు రైతుల వద్దను, కొన్ని నర్సరీలలోను విచారించినచో ఇవి లభిస్తవి. పావు కిలో చాలును. అందులో కొన్ని వందల వానపాములు ఉంటవి. సరియైన పరిస్థితులలో రెండు మూడు నెలలలో అవే రెట్టింపు కాగలవు. మెడ భాగమున పట్టీ వంటి ఉబ్బు గలవి ఈడేరినవి. ఒక్కొక్క జీవియందు స్త్రీ పురుష అవయవములు రెండును ఉన్నను, సంతానము కొరకు రెండు జీవులు కలియవలెను. అవి పెట్టు గుడ్ల తిత్తులు చిన్న నిమ్మపండు ఆకారములో, లేత పసుపు రంగులో, ఆవగింజ కన్న కొంచెము పెద్దవిగా ఉంటవి. ఇంచుమించు మూడు వారములకు ఒక్కొక్క తిత్తినుండి రెండు మూడు పిల్లలు వెలువడును.

ఆరంభమునకు ఆశ్వయుజము నుండి మాఘము వరకు అనువైన కాలము. మృగశిర కార్తెలో వానలు పడి వాతావరణము చల్లబడిన తరువాత కూడ మొదలుపెట్టవచ్చును. నా వలె రోహిణి కార్తెలో మొదలుపెట్టవద్దు.

పెట్టె, పరుపు

సుమారు 2 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, 1 అడుగు లోతు గల ప్లాస్టిక్ తొట్టెయైనను, చెక్కపెట్టెయైనను సరిపోవును. లోతు కన్న వెడల్పు ముఖ్యము, ఏలయన ఇవి పై పొరలలో మేయునవి. అడుగున పెన్సిలు దూరునంత రంధ్రములు పది వరకు చేయవలెను. ప్రక్కలందు పైభాగమున కూడ కొన్ని రంధ్రములు గాలి కొరకు ఉండవలెను. నాలుగు ఇటుకలపై పెట్టెను ఎత్తి ఉంచి, క్రింద కారు నీటికి పళ్ళెము పెట్టవలెను. బిగుతు మూత వద్దు. తడిపి పిండిన గోనెసంచి కప్పి, పిల్లులు, ఎలుకలు, కాకులు రాకుండ పైన ఇనుప వల పరచిన చాలును.

పెట్టెను ఎండ, వాన రెండును తగులని చోట ఉంచవలెను. వంటింటి వెనుక వసారా, మెట్ల క్రింది జాగా, బాల్కనీలో నీడగల మూల శ్రేష్ఠము. 20 నుండి 30 డిగ్రీల ఉష్ణము వీటికి సుఖము. 35 దాటినచో ప్రాణగండము. వేసవిలో గోనెను దినమునకు రెండు మూడు మారులు తడుపవలెను.

ఇక పరుపు. అడుగున రెండంగుళములు కొబ్బరి పీచు పరచవలెను. దానిపై కొబ్బరి పొట్టు, ఎండుటాకులు, సన్నగా చింపిన వార్తాపత్రిక, 15-20 దినములు మాగిన పేడ కలిపి 5-6 అంగుళముల మందమున వేయవలెను. నిగనిగలాడు రంగుల కాగితము పనికిరాదు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉండవచ్చును గనుక రెండు నీళ్ళలో కడిగి పిండి వాడవలెను. పేడ దొరకనివారు ఎండుటాకులు, పొట్టు, ఒక దోసెడు మాగిన కంపోస్టుతో సరిపెట్టుకొనవచ్చును. పేడ తెచ్చువారు ఒక సంగతి విచారించవలెను. ఆ పశువునకు ఇటీవల కడుపులోని పాములు పోవుటకు మందు వేసి యున్నచో ఆ పేడ వద్దు. ఆ మందు పేడలో మిగిలి మన వానపాములకు హాని చేయగలదు.

పరుపులో ఒక గుప్పెడు తోటమట్టి చల్లవలెను. వానపాముకు దంతములు లేవు. కోడికి వలె లోపల కందనకాయ ఉన్నది. ఇసుకరేణువుల సాయముతో అక్కడ ఆహారము నలుగుతుంది. తేమ ఎంత ఉండవలెనో తెలియుటకు పరుపును గుప్పిట పట్టి పిండి చూడవలెను. ఒకటి రెండు బొట్లు రాలినచో సరి. ధారగా కారినచో ఎక్కువ. ఏమియు రాకున్నచో తక్కువ. ఈ విధముగ సిద్ధము చేసి మూడు దినములు విడువవలెను. నాలుగవనాడు లోపల చేయి పెట్టి, వేడి లేదని నిశ్చయించుకొనిన తరువాతనే వానపాములను పైన వదలవలెను. వాటికి కన్నులు లేవు గాని వెలుతురు గిట్టదు. కొద్ది నిమిషములలో తామే లోపలికి దిగిపోవును.

ఆహార మాత్ర

మొదటి రెండు దినములు ఏమియు పెట్టవద్దు. క్రొత్తచోటు అలవడనీయవలెను. మూడవనాడు మొదలు, వానపాముల బరువులో నాలుగవ వంతునకు మించకుండ పెట్టవలెను. పావు కిలోకు సుమారు 60 గ్రాములు, అనగా ఒక చిన్న గుప్పెడు. నెల గడచి, పెట్టినది పెట్టినట్లు తినుచున్నప్పుడు మెల్లగా సగము బరువు వరకు, అనగా 125 గ్రాముల వరకు పెంచవచ్చును. బాగుగా కుదిరిన పెట్టెలో వానపాములు దినమునకు తమ బరువులో సగము తినగలవని లెక్క. అది ఆరోగ్యవంతుని లెక్క. మొదటి నెలలో వాటిని జ్వరము తగ్గి పథ్యము తినువానిగా భావించవలెను.

నలుగురున్న ఇంటి చెత్త అంతయు మొదటి పెట్టె భరించలేదు. ఇది ముందే తెలిసికొనవలెను. మిగిలినదానిని అడుగున చిల్లులు గల ఒక మట్టికుండలో ఎండుటాకుల పొరలతో వేసి మాగనిచ్చినచో, 10-15 దినములలో వేడి పోయి మెత్తబడుతుంది. అటుపై అదే వానపాములకు సుఖముగా జీర్ణమగు ఆహారము. వండిన పెసరకట్టునకు, పచ్చి గింజకు గల భేదము వంటిది ఇది. అదిగాక, వానపాముల పెట్టె అంతగా వేడెక్కదు గనుక టమాటా, గుమ్మడి గింజలు అందులో చావవు. కుండీలో ఎరువు వేసినప్పుడు మొలకెత్తును. కుండలో ముందుగా మాగినచో ఆ బెడద కొంత తగ్గును.

ముక్కలు సన్నగా తరిగి, ఒక మూల పరుపును తీసి, అందులో పెట్టి కప్పవలెను. మరునాడు ప్రక్క మూల. ఈ విధముగ చుట్టు తిరిగి వచ్చేసరికి మొదటి మూల ఖాళీ అయి ఉండవలెను. ఖాళీ కాకున్నచో ఆనాడు పెట్టరాదు. ముందు తిన్నది జీర్ణము కాకమునుపు మరల తినరాదని మనుష్యునికి చెప్పిన నియమమే ఇక్కడను.

పథ్యాపథ్యములు

పథ్యములు: ఆకుకూరల కాడలు, సొర, బీర, దోస చెక్కులు, అరటి తొక్కలు, పుచ్చ, బొప్పాయి తొక్కలు, పాలు పంచదార లేని టీ పిప్పి, వాడిన పూలు, ఎండుటాకులు. పూలదండలలోని దారమును, తగరపు తళుకును తీసివేయవలెను. కోడిగ్రుడ్డు వాడు ఇండ్లవారు పెంకులను ఎండబెట్టి పొడి చేసి పదిదినములకు ఒక చెంచా చల్లినచో పులుపు విరుగుతుంది.

అపథ్యములు: ఉప్పు, నూనె, కారము కలిసిన వంటకములు, ఊరగాయలు, పాలు, పెరుగు, మాంసము, చేపలు. నిమ్మ, నారింజ తొక్కలు, చింతపండు పిప్పి, ఉల్లి, వెల్లుల్లి పొట్టు, పచ్చిమిర్చి పరిమితముగానైనను మొదటి నెలలలో వద్దు. కషాయపు పిప్పి వేయదలచిన వైద్యసోదరులు త్రికటువు, వేప వంటి ఘాటు, చేదు ద్రవ్యముల పిప్పిని వేరుగ ఉంచవలెను. మిగిలినది పూర్తిగా చల్లారి, కుండలో మాగిన తరువాత కొంచెము కొంచెముగ వేయవచ్చును. కాలము మీరిన మాత్రలు, మందులు ఎన్నటికిని వేయరాదు. కుక్క, పిల్లి మలము, పసిపిల్లల మలము తగిలిన గుడ్డలు, కాగితములు పెట్టె దరిదాపులకు రానీయరాదు.

లక్షణము, నిదానము, చికిత్స

రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నములచే పరీక్షించినట్లే పెట్టెను రెండు దినములకొకసారి చూడవలెను, తాకవలెను, వాసన పట్టవలెను. ప్రశ్న మాత్రము మనలను మనమే వేసికొనవలెను: నిన్న ఏమి పెట్టితిమి, ఎంత పెట్టితిమి?

పుల్లని దుర్వాసన: ఇది అజీర్ణము. పెట్టినది ఎక్కువైనది, లేదా తడి ఎక్కువైనది. వారము దినములు లంఘనము చేయించవలెను. తినక మిగిలిన కుళ్ళును తీసివేసి, ఎండుటాకులు, చింపిన కాగితము కలిపి చేతితో వదులుగా తిరుగవేయవలెను. ఆరోగ్యముగా ఉన్న పెట్టెకు తొలకరి మట్టి వాసన తప్ప వేరు వాసన ఉండదు.

వానపాములు గోడల పైకి ప్రాకుట: మొదటి ఒకటి రెండు రాత్రులలో అయినచో క్రొత్తచోటి బెదురు. పైన సన్నని దీపము వెలిగించి ఉంచినచో లోపలికి పోవును. తరువాత అయినచో వేడి, పులుపు, నీరు ఈ మూడింటిలో ఒకటి కారణము. చేయి పెట్టి చూచి, తగిన ఉపాయము ఆనాడే చేయవలెను. ఒక రాత్రి ఆలస్యము ఏమి చేయగలదో పైన వ్రాశాను.

చీమలు పట్టుట: పరుపు ఎండిపోయినదని అర్థము. కొంచెము తడిపి, ఇటుకల క్రింద నీటి పళ్ళెములు ఉంచవలెను. ఆ నీటిని మూడు దినములకొకసారి తప్పక మార్చి పళ్ళెమును తోమవలెను. లేనిచో డెంగీ దోమలకు మనమే నీడ ఇచ్చినట్లగును.

సన్నని ఈగలు ముసురుట: ఆహారము పైన తెరచి ఉన్నది. లోపలికి పెట్టి, రెండంగుళముల ఎండుటాకులు కప్పవలెను.

తెల్లని చిన్న పురుగులు: తేమ మించినది. నీరు చల్లుట ఆపి, పొడి కాగితము కలుపవలెను.

ఎరువు తీయుట, వాడుట

రెండున్నర, మూడు నెలలకు పరుపు రూపము మారి, టీ పొడి వంటి నల్లని గుళికలుగ కనిపించును. అప్పుడు నాలుగైదు దినములు నీరు చల్లుట, ఆహారము పెట్టుట మానవలెను. తరువాత నీడలో, వెలుతురు తగులు చోట, ఒక పట్టాపై శంఖాకారపు కుప్పగా పోయవలెను. వానపాములు వెలుతురునకు జడిసి అడుగునకు దిగును. 15-20 నిమిషములకొకసారి పై పొరను చేతితో తీసికొనుచు పోగా చివరకు వానపాములు, గుడ్ల తిత్తులు కలిసిన కొద్ది ముద్ద మిగులును. దానిని క్రొత్త పరుపులో వేయవలెను. తీసిన ఎరువును జల్లెడ పట్టి, నీడలో ఆరబెట్టి, కొంచెము తేమ ఉండగనే గాలి తగులు సంచిలో ఉంచవలెను.

ఒక అడుగు కుండీకి నెలకు రెండు గుప్పెళ్ళు, మొక్క మొదటికి కొంచెము దూరముగా వేసి మట్టితో కప్పవలెను. క్రొత్తగా కుండీ నింపునప్పుడు మొత్తము మట్టిలో నాలుగవ వంతు చాలును. సారముగలదని కేవలము ఎరువులోనే మొక్క నాటరాదు. ఇందులో నత్రజని సాధారణముగ నూటికి ఒకటి, రెండు పాళ్ళు మాత్రమే. యూరియా వలె వారములో పచ్చదనము చూపదు. మట్టిని గుల్లపరచి, తేమను నిలిపి, మెల్లగా పోషించును. పళ్ళెములో కారిన నల్లని నీటిని అట్లే పోయక, దుర్వాసన లేనిచో ఒకటికి పదిపాళ్ళు నీరు కలిపి పూలమొక్కలకు మాత్రము వాడవచ్చును. ఆకు పచ్చిగా తిను మొక్కలకు వద్దు.

ఒక అపోహ, కొన్ని జాగ్రత్తలు

"ఈ వానపాములు పిల్లల కడుపులోకి పోవా?" అని తల్లులు భయపడి అడుగుదురు. పోవు. పిల్లల కడుపులో పెరుగు ఏలికపాములు వేరు జాతి. అవి మనుష్యుల మలముతో కలుషితమైన మట్టి, నీరు, ఆహారముల ద్వారా గుడ్ల రూపములో నోటిలోకి వచ్చునవి. మన పెట్టెలోని జీవులు మనుష్యుని శరీరములో బ్రతుకజాలవు. అయినను మట్టి మట్టియే. పెట్టె ముట్టిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. చేతికి గాయమున్నవారు, మధుమేహముతో పుండ్లు మానక బాధపడువారు, రోగనిరోధక శక్తి తగ్గు మందులు వాడువారు చేతితొడుగు, ముక్కునకు గుడ్డ లేకుండ ఈ పని చేయరాదు. ఎండిన ఎరువును తడిపిన తరువాతనే కదుపవలెను. ధూళి పీల్చరాదు. ఎరువు వేసిన కుండీలోని తులసి, వాము ఆకులను ధారాళమైన నీటిలో కడిగి మాత్రమే నోట వేసికొనవలెను. భూనాగమునకు రసగ్రంథములలో స్థానమున్నదని విని, పెట్టెలోని జీవులతో ఇంటిలో మందులు చేయు సాహసము ఎవ్వరును చేయరాదు.

ఈ ఎరువుతో పెరిగిన ఆకు రోగమును ఎక్కువగా పోగొట్టునని నేను చెప్పుట లేదు. ఆరోగ్యముగా పెరిగిన మొక్కనుండి, మనకు తెలిసిన మట్టినుండి, మన చేతితో కోసికొనిన ఆకు లభించునని మాత్రము చెప్పగలను. రెండవమారు పెట్టె కుదిరిన తరువాత పధ్నాలుగు మాసములకు మా అడ్డసరము ఆకు అరచేయి వెడల్పు దాటినది. అంతవరకు దానిని మందునకు కోయలేదు.

ఇప్పుడు ఆ పెట్టె నా చేతిలో లేదు. మా ఇంటావిడ దానిని తన అధీనములోకి తీసికొన్నది. ఇంటికి బంధువులు వచ్చి చెత్త పోగుపడిన దినములలో నేను చిప్ప పట్టుకొని అటు వెళ్ళబోతే, "అవన్నీ కుండలో వెయ్యండి. ఇవాళ వాటికి ఏకాదశి" అని ఆపుతుంది. క్రొత్తగా మొదలుపెట్టు పాఠకులు మొదటి 15 దినములు ఆమె మాటను పాటించినచో, నా మొదటి తొట్టెకు పట్టిన గతి మీ పెట్టెకు పట్టదు.